ఖాదర్ భాయ్ చెప్తే నేను బాగుచేసిన స్క్రీన్

ఆదివారం రాత్రి, కోరుట్ల

కారు స్క్రీన్ మళ్లీ పనిచేస్తోంది. మెడ ఆపరేషన్ తర్వాత నేను వెనక్కి తిరిగి చూడలేను. మా గల్లీ నిండా పిల్లలు. రివర్స్ తీయాలంటే ఆ స్క్రీన్‌లో కనిపించే కెమెరా బొమ్మే ఆధారం. అది పోయిన వారం నల్లబడింది. షోరూంలో సెట్టు మొత్తం మార్చాల్సిందే అన్నారు.

ఈ ఉదయం నేనే ప్యానెల్ విప్పాను కానీ, లోపలి వైర్లు చూసి భయమేసింది. పక్కింటి ఖాదర్ భాయ్‌ని పిలిచాను. ఒకప్పుడు టీవీ మెకానిక్. ఇప్పుడు చేతులు వణుకుతాయి. కారు తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"ముందుగాల బ్యాటరీ వైరు తీసినవా?"

తీయలేదు. తీయించాడు.

"ఇగ ఒక్కొక్క ప్లగ్గు పట్టి చూడు. ఏది కదుల్తాందో చెప్పు."

నాలుగోది కదిలింది. పిన్నుల మీద చిలుము. బ్రష్‌తో తుడిచి గట్టిగా నొక్కాను. బ్యాటరీ కలిపి రివర్స్ గేరు వేయగానే స్క్రీన్‌లో గల్లీ కనిపించింది.

చాయ్ తాగుతూ, "దుకాణం మూసినంక పనికి నన్నెవ్వలు పిలువలే" అన్నాడు.

చిలుము మళ్లీ పడుతుందేమో... అన్నం తిన్నాక ఇంకోసారి రివర్స్ గేరు వేసి చూశాను. "మంచిగున్నది భాయ్" అని గోడ మీంచి చెప్పాను. ఆ మాట కోసమే ఆయన వాకిట్లో కూర్చుని ఉన్నాడు.