పెద్దాయన ఫొటో వెనక నా సంతకం

ఆదివారం

ఈరోజు విజయవాడలో ఫొటోగ్రాఫర్ల మీటింగులో నీటి అడుగు ఫొటోల చరిత్ర చెప్పాను. ఫ్రాన్సుతో మొదలుపెట్టి, మన కృష్ణా కాలవల్లో మొదట కెమెరా ముంచింది నేనేనని ముగించాను.

తర్వాత ఒక పెద్దాయన కవరులోంచి పాత ఫొటో తీసి ఇచ్చారు. ఆటోగ్రాఫ్ కోసమనుకుని, చూడకుండానే వెనక సంతకం గీకేశాను.

"ఇటు తిప్పి చూడండి బాబూ" అన్నారు.

గుర్రపుడెక్క వేళ్ల మధ్య చేపపిల్లలు. నీళ్ల లోపల తీసిన ఫొటో.

"ఉయ్యూరులో నాకు స్టూడియో ఉండేదండి. కాలవ కట్టేశాక నీళ్లు తేరుకుంటే, అద్దం బిగించిన టిఫిన్ డబ్బాలో కెమెరా పెట్టి ముంచాను. అప్పటికి మీరు పుట్టుండరు."

నేనేమో "చాలా బాగుందండి" అనేసి, ఫొటో తిరిగిచ్చేసి, ఎవరో పిలిస్తే సెల్ఫీకి తిరిగాను. చూసేసరికి ఆయన వెళ్లిపోయారు. పేరైనా అడగలేదు.

ఆ ఫొటో మీద ఇప్పుడున్న పేరు నాదొక్కటే.