చర్చి తాళంచెవి

చెల్లీ ఆర్లెట్, ఇద్దరం క్షేమమే. కాళ్లు సైకిలు బాగానే తొక్కుతున్నాయి, చెడింది నా బుర్రే.

"లారీలు తిరగని దారుల్లో పోదాం" అన్న మీ బావ మాట విన్నాను చూడు, అదీ నా ఖర్మ. ఈ దారుల్లో లారీలూ లేవు, రొట్టెల దుకాణాలూ లేవు. పాత చర్చిలు మాత్రం ఊరికొకటి, అన్నిటికీ తాళాలే. ఎదురింటివాళ్లని అడిగి తాళంచెవి తెచ్చుకోవాలి. నిన్న ఒక పెద్దావిడ భోజనం మధ్యలో లేచొచ్చి, జానెడు ఇనప తాళంచెవి మీ బావ చేతిలో పెట్టింది. "మర్చిపోకుండా తెచ్చివ్వు నాయనా, రేపు మా మనవరాలి పెళ్లి" అని మరీ చెప్పింది.

అక్కణ్ణించి ప్రతి మిట్ట దగ్గరా నా సంచీ బరువైందని మొత్తుకుంటూనే ఉన్నాను. "నీకు వయసు మీద పడుతోందే ఒడిల్!" అని నవ్వాడు. సాయంత్రం హోటల్లో సంచీ విప్పితే, నా ఉన్ని చొక్కా కింద ఆ తాళంచెవి!

"నా దగ్గరుంటే పారేసుకుంటానని నీ సంచీలో వేశా" అన్నాడు మీ బావ.

ఆ చర్చికి ఉన్నది అదొక్కటేనట. పాపం, హోటలావిడ పొద్దున్నే కారులో దింపుతానంది. ఈ మహానుభావుడు "వద్దండీ, సైకిళ్ల మీదే వెళ్తాం, పొద్దుటి ఎండలో ఆ చర్చి గోడమీది బొమ్మలు ఇంకోసారి చూడాలి" అన్నాడు. ఇప్పుడు ఆ మిట్టలన్నీ మళ్లీ ఎక్కాలి.

నా టమాటా మొక్కలకు నీళ్లు పోస్తున్నావా? కోళ్లను చీకటి పడకముందే గూట్లో పెట్టు. పిల్లలకు ముద్దులు.

ఈసారి తాళంచెవి నా జేబులోనే ఉంది. మీ బావ బొమ్మలు చూడ్డానికి లోపలికెళ్లగానే బయట తాళం వేసేసి, తాళంచెవి ఆ పెద్దావిడ చేతిలో పెట్టేస్తాను. పెళ్లివాళ్లే వచ్చి విడిపిస్తారు.

మీ అక్క
ఒడిల్