తెల్లబడే రేకు సంగతి, బావా

బావా,

నమస్తే. నువ్వు పోయి ఏడాదీ తొమ్మిది నెలలు. ఎట్లా ఉన్నావని అడగబోయి ఆగాను... అడిగితే మాత్రం ఏం చెబుతావులే. ఇక్కడ మేమంతా బాగున్నాం. అక్క బాగుంది. ఎండలు ఎప్పటిలాగే ఉన్నాయి. మధ్యాహ్నమైతే బూర్గంపాడు రోడ్డు మీద కుక్క కూడా కనిపించడం లేదు.

నీకో కబురు చెప్పాలి. వరసగా చెబుతాను, తొందరపడకు. ఉన్నన్నాళ్ళూ నా మాట సగంలో లాక్కునేవాడివి. ఇప్పుడు నా వంతు.

ముందు నిచ్చెన సంగతి. అక్క కుట్టుమిషన్ మీద వెలుగు పడాలని నువ్వు ఇంటికప్పులో అద్దం పెంకు పెట్టించావు కదా. కరెంటు లేకపోయినా సూదిలో దారం ఎక్కేంత వెలుగు వచ్చేది. కానీ మార్చి వచ్చిందంటే అక్కడ కూర్చుంటే మాడు మాడిపోయేది. ఏటా నువ్వు నిచ్చెన వేసుకుని పైకెక్కి దాని మీద గోనెసంచి కప్పేవాడివి. వానలు పడేదాకా అక్క చీకట్లో కళ్ళు పొడుచుకుంటూ జాకెట్లు కుట్టేది. నువ్వు పోయాక మొదటి మార్చిలో ఖమ్మం నుంచి వచ్చి నేనెక్కాను. బస్ డిపోలో గుమాస్తా పని చేసేవాడికి కప్పులెక్కడం ఏం తెలుసు? రెండు పెంకులు పగలగొట్టి దిగాను. అక్క చీపురు తెచ్చి ముక్కలు ఊడ్చింది. తిట్టి ఉంటే బాగుండేది.

గోనెసంచి బాధ తప్పించడానికి నువ్వు చేసిన పనేమిటి? సైన్సు పంతులివి కదా, ఇంకో గోనెసంచి కొంటావా! హైదరాబాద్‌లో ఇద్దరు కుర్రాళ్ళు పెట్టిన చిన్న కంపెనీలో షేర్లు కొన్నావు. అదీ అక్క పేరు మీద. వాళ్ళు చేసేది ఒక రేకు: రెండు పల్చటి ప్లాస్టిక్ పొరలు, మధ్యలో గంజిలాంటి పదార్థం. ఎండ వేడికి అది పాలలా తెల్లబడి వెలుగుకు అడ్డుపడుతుందనీ, చల్లబడితే మళ్ళీ నీళ్ళలా తేటపడుతుందనీ చెప్పావు. పాలిమర్ అని గాల్లో వేలితో రాసి మరీ చూపించావు. "వెలుగు గావాలె, ఎండ వద్దు. గదేమన్న పెద్ద కోరికనా బామ్మర్దీ?" అన్నావు.

వాళ్ళు అరచేతిలో వైకుంఠం చూపిస్తున్నారు, నీకు పిచ్చి పట్టింది అని మొహం మీదే అన్నాను. నువ్వు నవ్వావు. "పిచ్చి గాదుర, ఓపిక" అన్నావు. ఆ తరువాత మూడు వారాలకే ఆ పాడు జ్వరం... ఆ మాట వెనక్కి తీసుకునే వీలే లేకపోయింది. అసలు తీసుకునేవాడినా? ఏమో.

పోయిన సెప్టెంబరులో అక్క పేరున కంపెనీ నుంచి కవరు వచ్చింది. ఏటా జరిగే సభకు పిలుపు. లోపల ఒక ప్రతిపాదన ఉంది. రేకు తెల్లబడుతోంది కానీ మళ్ళీ తేటపడటం లేదట. అందుకని ఆ పని మానేసి, అదే షెడ్డులో బకెట్లూ మగ్గులూ చేద్దామని షేర్లున్న సభ్యులు కొందరు అంటున్నారట. చదివి నాకు ప్రాణం లేచొచ్చింది. బకెట్లు అమ్ముడుపోతాయి, అక్క షేర్లకు కాస్త విలువొస్తుంది, నేను చెప్పిందే నిజమవుతుంది. మూడోదే నాకు ఎక్కువ ముద్దుగా తోచిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

అక్కను తీసుకుని బస్సెక్కాను. దారి పొడుగునా పాఠం చెప్పాను. బకెట్లకు ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి అంటారు, అప్పుడు ఎత్తు, అంతే. అక్క గంగిరెద్దులా తలూపింది. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. ఖాళీ చేతులతో పోతామా అని డబ్బా నిండా సకినాలు కూడా తెచ్చింది. సభంటే చుట్టాలిల్లు అనుకుందేమో!

బాలానగర్ అవతల ఒక సందులో షెడ్డు. కిరాయి కుర్చీల్లో ముప్ఫై మంది కూడా లేరు. నువ్వు చెప్పిన కుర్రాళ్ళిద్దరూ ముందు వరసలో పరీక్ష తప్పిన పిల్లల్లా కూర్చున్నారు. ఎవరికి ఎన్ని షేర్లున్నా ముందు చేతుల లెక్కేనట, మనిషికి ఒక చెయ్యి. మన ఊరి సభలాగే. బకెట్లకు ఒప్పుకునేవాళ్ళు ఎత్తారు. అక్క చెయ్యి ఒళ్ళోనే ఉంది. మోచేత్తో పొడిచాను. కదల్లేదు. వద్దనేవాళ్ళు ఎత్తండి అన్నారు. అక్క ఎత్తింది బావా. మా అక్క! బ్యాంకులో సంతకం పెట్టడానికి చెయ్యి వణికే అక్క!

ఎత్తి ఊరుకుందా? లేచి నిలబడి, "బకెట్లు మా బూర్గంపాడు సంతలనే దొరుకుతయి సార్. గా రేకు ఏడ దొరుకుతది?" అంది.

షెడ్డులో నవ్వులు. నేను కంగారుగా ఆమె చెయ్యి దించబోయాను. పైకి లేచిన నా చేతిని కూడా లెక్కపెట్టే ఆయన కలిపేశాడు. తరువాత, మీరు సభ్యులా అని అడిగి లెక్కలోంచి కొట్టేశాడు. అంతా లెక్క తేలేసరికి ఒక్క చెయ్యి తేడాతో బకెట్లు ఓడిపోయాయి. షేర్లను బట్టి మళ్ళీ ఓట్లు వేయించమని అడగవచ్చట కానీ, బకెట్లవాళ్ళు అడగలేదు. ఒక్క ఏడాది చూద్దాం, అప్పటికీ తేటపడకపోతే మూసేద్దాం అన్నారు. సకినాలు మాత్రం రెండు పక్షాలవాళ్ళూ తిన్నారు.

తిరుగు బస్సులో సూర్యాపేట దాకా మొహం కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నాను. అక్క హాయిగా నిద్రపోయింది.

మార్చిలో ఆ కుర్రాళ్ళలో చిన్నవాడు తనే మొదటి రేకు పట్టుకుని వచ్చాడు. అద్దం పెంకు అడుగున బిగించాం. మధ్యాహ్నానికి తెల్లబడింది. సాయంత్రం చూస్తే తెలుపే. మర్నాడూ తెలుపే. పాపం ఆ కుర్రాడు అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు. అక్కే బతిమాలి తినిపించింది. రెండో రేకు పార్సిల్లో వచ్చింది. తేటపడింది కానీ మచ్చలు మచ్చలుగా, బొల్లి వచ్చినట్టు. ఆదివారం వస్తే చాలు, నాకు కప్పు కిందే పని. డిపోలో అందరూ రేకు గుమాస్తా అంటున్నారు. అనుకోనీ.

మూడోది మొన్న ఆదివారం బిగించాను. ఊరంతా తలుపులు మూసుకున్న వేళ అది పాలలా తెల్లబడింది. కింద అక్క చెమట తుడుచుకునే పని లేకుండా కుడుతోంది. నేను మంచమ్మీద వెల్లకిలా పడుకుని దాన్నే చూస్తున్నాను. ఐదు దాటింది. మొదట ఒక మూల పల్చబడింది. తరువాత మెల్లగా మొత్తం... ఒక్క మచ్చ లేదు బావా. పైన ఎగురుతున్న గద్ద కూడా కనిపించింది.

అక్కా అని అరిచాను. తలెత్తి చూసింది. తరువాత కొంగుతో మొహం తుడుచుకుని, టీ పెడతానని లోపలికి వెళ్ళింది. నాకు ముందు నవ్వొచ్చింది, తరువాత ఏడుపొచ్చింది. నీకు చెప్పాలనిపించింది. ఇంకెవరికి చెప్పను?

ఇవాళ్టికి అయిదు రోజులు, డిపోకు సెలవు పెట్టి ఇక్కడే ఉన్నాను. రోజూ తెల్లబడుతోంది, రోజూ తేటపడుతోంది. నెల నిలుస్తుందా? వానలకు తట్టుకుంటుందా? తెలియదు. సెప్టెంబరు సభలో మళ్ళీ చేతులెత్తమంటారు.

నీకు పిచ్చి అన్నాను కదా, తప్పయిపోయింది. అందుకే నిన్న అక్కకు తెలియకుండా ఓ పని చేశాను. అమ్ముకుంటానన్న ఒకాయన దగ్గర అదే కంపెనీ షేర్లు పది కొన్నాను. ఈసారి నా చెయ్యి ఎవరూ కొట్టెయ్యలేరు.

నీ బామ్మర్ది