గుంట ఎండగట్టొద్దు

ప్రత్యూషా,

గుంట నీళ్లు తోడేయడానికి మోటారు వాళ్లు పదింటికి వస్తారు. వద్దని చెప్పి పంపేయమ్మా. నేను కావలి బస్సుకు పోతున్నాను.

పొద్దున గట్టు మీదికి పోయి చూశాను. రెండేళ్లుగా బురదగా ఉన్న నీళ్లలో ఈరోజు అడుగు మెట్టు కూడా కనిపించింది. నువ్వు తెచ్చి వదిలిన పండుగప్ప చేపలు, గట్టును తవ్వి గుల్ల చేసి నీళ్లు బురద చేస్తున్న ఆ బంగారుతీగ చేపల పిల్లల్ని నా కళ్లముందే తరిమి తరిమి మింగాయి. పెద్ద బంగారుతీగల్ని వలేసి పట్టేస్తే చాలు, పీడ విరగడైనట్టే. ప్రాణం తేలికపడింది.

"చేపలు ఎక్కువయ్యాయని ఇంకా చేపల్నే వదులుతావా, నీకేం తెలుసు?" అని ఆరోజు కూలీల ముందర నిన్ను అరిచినాను. తప్పు నాదేనమ్మా.

మామయ్య

ఎదురుగా చెప్పడానికి నోరు రాక రాసినాను. సాయంత్రం వచ్చి నోటితోనూ చెబుతాను.