నువ్వు ఎక్కిన మెట్లు

మస్తానన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున పిడుగురాళ్ల, నూజెండ్ల నుంచి కూడా వచ్చిన వికలాంగ టీచర్లమంతా కలిసి, మా క్లాసులు కింది గదుల్లో వేయమని అడగటానికి విద్యాశాఖ ఆఫీసరు దగ్గరికెళ్లాం. ఆయన గదీ మేడ మీదే! ఎవరమూ ఎక్కలేదు, మెట్ల దగ్గరే బైఠాయించాం.

ఆయనే దిగొచ్చి, "ఏందయ్యా మీ గోల? మస్తాన్ మాస్టారు పోలియో కాలుతో ఇరవయ్యేళ్లు మేడెక్కి పాఠం చెప్పాడు. ఒక్కనాడన్నా నోరెత్తాడా?" అన్నాడు.

ఎందుకెత్తలేదన్నా? నీ ఓపికని మెచ్చుకుంటూనే మా నోళ్లు మూయిస్తున్నారు.

అర్జీ తిరగరాశాను. పిల్లలు రాకముందే వచ్చి, బడి మెట్లు నువ్వు చేతులతో పాకుతూ ఎక్కేవాడివని మొదటి లైన్లోనే పెట్టాను. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నావు. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాను.