కింది వరస చదివిన కళ్లు

కరస్పాండెంట్ గారికి వందనాలు.

మీ స్కూలు వ్యాను నడిపే ఆయన భార్యనండి. మొన్న మీ కంటి శిబిరంలో ఈయన కింది వరస చిన్నక్షరాలు కూడా గడగడా చదివేశారని అందరూ మెచ్చుకున్నారట. కానీ ఇంట్లో కంచం పక్కన పెట్టిన మజ్జిగ గిన్నె రోజూ మోచేత్తో పడేసి, నన్నే తిడుతున్నారు. అనుమానమొచ్చి బందరు తీసుకెళ్లాను. అక్కడి డాక్టరుగారు అక్షరాలు చదివించలేదు. సూటిగా చూడమని, చెవి పక్కనుంచి వేలు ముందుకు తెస్తూ కనిపిస్తోందా అని అడిగారు. వేలు ముక్కు దాకా వచ్చాకగానీ ఈయన అవునన్లేదు. కంట్లో ప్రెషరు పెరిగి రెండు పక్కలా చూపు పోయిందని, అది ఇక తిరిగి రాదని, బండి ముట్టుకోవద్దని చెప్పారు.

“అక్షరాలన్నీ చదివినోణ్ణి, నాకేంటే?” అని ఈయన మళ్లీ వ్యాను ఎక్కుతున్నారు. కాలవ గట్టు మీద పిల్లలు రోడ్డుకి రెండు పక్కలా నిలబడి ఉంటారు కదండీ.

దయచేసి ఈయన్ని గేటు దగ్గర పనికి మార్చండి. నేను రాశానని మాత్రం చెప్పకండి.

ఇవాళ పొద్దున స్టీరింగు ముందు కూర్చుని, “కేరేజీ ఏదే? ఎక్కడ చచ్చావ్?” అని కేకేశారు. నేను కేరేజీ చాపి పట్టుకుని, ఆయన డోరు పక్కనే నిలబడి ఉన్నానండి.