మూడోవంతు క్రెడిట్

ఏప్రిల్ 19, 1998

ప్రియమైన రూడీ,

డెట్రాయిట్ నదిలో టపా పడవ మీ ఓడ పక్కకి వచ్చి, మీ వాళ్ళు తాడు కట్టి బకెట్ దించి, అందులో ఈ ఉత్తరం పడేసరికి వారం పైనే అవుతుంది. అయినా ఆగలేక రాస్తున్నాను. మూడో తరగతి టీచరు మిసెస్ ఓబర్గ్ జూన్‌లో రిటైరవుతోంది. మోకాళ్ళు ఇక మా వల్ల కాదంటున్నాయట.

హెడ్‌మాస్టర్ డ్యూవల్ గారు నిన్న నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు. నేనేదో తప్పు చేశాననే అనుకున్నాను. "మార్లిస్, ఆ తరగతి నీకే ఇవ్వాలని ఉంది. పద్నాలుగేళ్ళుగా సహాయకురాలివని పేరే గానీ సగం పాఠాలు నువ్వే చెబుతున్నావు. కాకపోతే ఆగస్టు పదిహేను లోపు నీ డిగ్రీ కాగితం నా బల్ల మీద ఉండాలి. లేదంటే బయటివాళ్ళని తీసుకోక తప్పదు" అన్నారు.

తొమ్మిదేళ్ళుగా సాయంత్రం క్లాసులకి వెళ్ళి ఒక్కో సబ్జెక్టూ లాక్కొస్తున్నాను కదా, లెక్క చూస్తే నూట ఇరవై క్రెడిట్లకి నూట పదిహేడు చేతిలో ఉన్నాయి. మిగిలింది సైన్సు ఒక్కటే, మూడు క్రెడిట్లు. మా యూనివర్సిటీలో వేసవి క్లాసు తీసుకుందామంటే రోజూ తొంభై మైళ్ళు వెళ్ళాలి, రావాలి. ఫీజు చూస్తే వచ్చే చలికాలానికి ఇల్లు వెచ్చబెట్టే పొయ్యి బాగుచేయించడానికి దాచిన డబ్బంతా దానికే పోతుంది.

మన లైబ్రేరియన్ ఒక దారి చూపించింది. పడమటి వైపు ఒక రాష్ట్రంలో ఇంకో యూనివర్సిటీ పోస్టులో పాఠాలు పంపుతుందట. ఇంట్లో కూర్చుని చదివి, పరీక్ష మన లైబ్రరీలోనే రాయొచ్చు. భూగర్భ శాస్త్రం. ఆ క్రెడిట్లని మా యూనివర్సిటీ తన లెక్కలోకి మార్చుకుంటుంది. ఇక్కడి ఫీజులో సగం కూడా లేదు. పైగా నాకు కావలసింది మూడైతే వాళ్ళిచ్చేది నాలుగు. జీవితంలో మొదటిసారి అడిగిన దానికంటే ఎక్కువ దొరుకుతోంది. ఇవాళే డబ్బు కట్టేశాను.

నువ్వు లేక శనివారం ఆవిరి స్నానానికి పొయ్యి వెలిగించాలంటే బద్ధకంగా ఉంది.

రాళ్ళ పుస్తకం కోసం ఎదురుచూస్తూ,
మార్లిస్

*

మే 2

నా మార్లిస్‌కి,

మొన్న టోలెడో రేవులో ఫోన్ చేసినప్పుడు నా వెనక తొమ్మిది మంది క్యూలో ఉన్నారు. నేను నీతో మాట్లాడుతుంటే అందరూ తలలూపుతున్నారు. అందుకే సరిగ్గా చెప్పలేకపోయాను. ఆ ఉద్యోగం నీదే. ఆ గదిలో నువ్వు చిన్న కుర్చీలో కూర్చోవడం చూసి చూసి నాకు విసుగొచ్చింది. పెద్ద కుర్చీలో కూర్చో.

వంటగదిలో నీ సంగతి చెప్పడం నా తప్పే. ఇప్పుడు ఓడంతా నీ చదువు మీదే పడింది. ఇంజను గదిలో గ్రీజు పూసే ఓర్విల్ ఉన్నాడే, ముప్పై ఏళ్ళుగా పేపర్లో క్రీడల పేజీ దాటి చదవనివాడు, వాడు నన్ను నిలదీశాడు. "రాళ్ళ చదువంటున్నావ్, మరి ఆవిడకి రాళ్ళు ఎవరిస్తున్నారు? మనం మోసేదే రాళ్ళు కదరా వంటోడా." సిగ్గేసింది. కాబట్టి ఈ ఉత్తరంతో పాటు ఒక కాఫీ డబ్బా పంపుతున్నాను. తెల్లవి సున్నపురాళ్ళు, మొన్న ఎక్కించిన సరుకు. గోళీల్లాంటి ఎర్రవి ఇనుప ఖనిజం ఉండలు. నల్లది ఏమిటో మాకెవరికీ తెలీదు. ఓర్విల్ బొగ్గంటాడు, కెప్టెన్ కాదంటాడు. నువ్వే తేల్చి రాయి, ఇక్కడ పందెం నడుస్తోంది.

చదువు విషయంలో నా సలహా మాత్రం అడక్కు. బంతి దొర్లించి పది చెక్క పిన్నులు పడగొట్టే బౌలింగ్ క్లాసులో కూడా ఫెయిలైన ఘనుణ్ణి నేను.

ఇరవై రెండు మందికి గుడ్లు వేయిస్తూ,
నీ రూడీ

*

జూన్ 21

ప్రియమైన రూడీ,

పరీక్ష అయిపోయింది. మార్కులు కూడా వచ్చాయి. ఎ మైనస్. మైనస్ ఎందుకంటే ఒక రాయిని అగ్నిశిల అనబోయి ఇసుకరాయి అన్నాను, అది నీ డబ్బాలో లేదు మరి.

నల్లది బొగ్గు కాదు, బసాల్టు, లావా చల్లారి గట్టిపడిన రాయి. కెప్టెన్ గెలిచాడని ఓర్విల్‌కి చెప్పు.

మిసెస్ ఓబర్గ్ వెళ్తూ వెళ్తూ గది తాళాలు నా చేతిలో పెట్టింది. "ఇంకా నాది కాలేదండీ" అంటే, "ముందు కిటికీ తెరలు కొలుచుకో, ఆనక మాట్లాడు" అంది. కొలిచాను. పసుపు రంగు బట్ట కొన్నాను, కుట్టడం కూడా సగమైంది. పోస్టు పాఠాల వాళ్ళు నా మార్కుల పత్రాన్ని మా యూనివర్సిటీకి పంపేశారు. అక్కడ ఒక ముద్ర పడడమే మిగిలింది.

నలభై మూడేళ్ళ వయసులో ఇంత సంతోషం వస్తుందనుకోలేదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతున్నాను.

తెరలు కుడుతూ,
మార్లిస్

*

జూలై 8

మా టీచరమ్మకి,

నీ ఉత్తరం బకెట్‌లోంచి తీసి డెక్కు మీదే చదివేశాను. తరవాత వంటగదికెళ్ళి కేకు చేశాను. చక్కెర ముద్దతో దాని మీద 'మిసెస్ కొస్కెలా, మూడో తరగతి' అని రాశాను. జాగా చాలక 'తరగతి' పక్కకి దిగిపోయింది. అయినా ఎవరూ వంక పెట్టలేదు. కెప్టెన్ లేచి నిలబడి కాఫీ కప్పు ఎత్తాడు. ఓర్విల్ పందెం ఓడిన కోపం మర్చిపోయి రెండు ముక్కలు తిన్నాడు. "ఆవిడ నాకు చిన్నప్పుడే టీచరుగా దొరికుంటే నేనూ చదువుకునేవాణ్ణిరా" అన్నాడు. వాడి మొహం చూస్తే వేళాకోళమాడబుద్ధి కాలేదు.

మీ నాన్న ఉంటే బాగుండేది మార్లిస్. ఆయన కోసమే కదా నువ్వు పందొమ్మిదేళ్ళకి చదువు మానేసి బడి వంటగదిలో చేరింది. ఆయన ఎప్పుడూ దాని గురించి మాట్లాడలేదు గానీ, మర్చిపోలేదు. నాకు తెలుసు.

కేకు పళ్ళెం కడుగుతూ,
గర్వంతో ఉబ్బిపోయిన నీ రూడీ

*

జూలై 10

రూడీ,

ఓడలో ఎవరికీ ఇంకా చెప్పకపోతే చెప్పకు. నాకు డిగ్రీ రావడం లేదు.

యూనివర్సిటీ నుంచి ఇవాళ ఉత్తరం వచ్చింది. సైన్సు సంగతి సరే, చదివినట్టే లెక్క అన్నారు. కానీ మొత్తం నూట ఇరవై కాలేదట. నూట పందొమ్మిదీ, మూడింట రెండు వంతులు. నేను తప్పు చదివానేమోనని మూడుసార్లు చదివి, ఆఫీసుకి ఫోన్ చేశాను. ఆ అమ్మాయి ఓపిగ్గానే చెప్పింది. మన వైపు కాలేజీల్లో ఏడాది చదువుని రెండు ముక్కలు చేస్తారు. పడమటి యూనివర్సిటీలో మూడు ముక్కలు చేస్తారట. ముక్క చిన్నది కాబట్టి వాళ్ళ క్రెడిట్ కూడా చిన్నదే. వాళ్ళ నాలుగు ఇక్కడ రెండూ చిల్లరే అవుతాయి. "బ్రోషర్‌లో కింద రాసి ఉంటుందండీ" అంది. తీసి చూశాను. ఉంది. చీమ తలకాయంత అక్షరాలు.

నాలుగు ఇస్తున్నారని ఎంత మురిసిపోయానో గుర్తుందా. అడగాల్సింది ఒకే ఒక మాట, ఆ క్రెడిట్ ఎంత ఉంటుందని. క్రెడిట్ అంటే ఎక్కడైనా క్రెడిటే అనుకున్నాను. పిల్లలకి నేను రోజూ చెప్పే పాఠం, అంగుళాలని సెంటీమీటర్లతో కలపొద్దని.

ఏ సబ్జెక్టయినా సరే, ఒక్క క్రెడిట్ ఉంటే చాలట. కానీ వేసవి క్లాసులన్నీ మొదలైపోయాయి. తరవాతివి సెప్టెంబరులో. ఎవరైనా మూడోవంతు క్రెడిట్ అమ్ముతారా అని ఆ అమ్మాయినే అడిగాను. నవ్వింది పాపం. నేను నవ్వలేదు.

డ్యూవల్ గారికి ఇంకా చెప్పలేదు. సోమవారం చెప్పి తాళాలు ఇచ్చేస్తాను. నాకు ఏడుపు కంటే కోపం ఎక్కువగా ఉంది, అది కూడా నా మీదే. తెరలు మడిచి పెట్టెలో పెట్టాను.

మార్లిస్

*

జూలై 17

మార్లిస్,

తాళాలు ఇవ్వకు. ఇచ్చేసి ఉంటే వెళ్ళి మళ్ళీ తీసుకో.

నీ ఉత్తరం నిన్న అందింది. ఫోన్ చేద్దామంటే ఆదివారం దాకా రేవు లేదు. ఇది లాకుల దగ్గర గట్టు మీది మనిషి చేతికిచ్చి పోస్టు చేయిస్తున్నాను, నాకంటే ముందు నీకు చేరుతుంది. ఓడలో ఎవరికీ చెప్పొద్దన్నావు. క్షమించు, నా మొహం చూసి వాళ్ళే అడిగారు. కేకు వెనక్కి ఇవ్వాలా అని ఓర్విల్ అడిగాడు.

ఇప్పుడు నేను చెప్పేది జాగ్రత్తగా చదువు. తొమ్మిదేళ్ళ క్రితం యూనివర్సిటీ దరఖాస్తు నింపుతున్నప్పుడు నేను పక్కనే బంగాళాదుంపలు తరుగుతున్నాను. 'ఇంతకు ముందు వేరే కాలేజీలో చదివారా' అన్న చోట నువ్వు 'లేదు' అని రాశావు. నేను తలెత్తి చూస్తే, "సగంలో మానేసింది చదువా ఏంటి" అన్నావు. నీ మొహం చూసి నేను ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది.

డెబ్భై నాలుగులో కింద ఊరి కాలేజీలో నువ్వు చేరావు. మీ నాన్న కాలు గనిలో నలిగింది నవంబరు ఆఖర్లో, థాంక్స్‌గివింగ్ పండగ వారం. అప్పుడు అన్నీ వదిలేసి వచ్చావు. నిజమే. కానీ అక్కడ మనిద్దరం వెళ్ళిన బౌలింగ్ క్లాసు, వ్యాయామం కింద ఒక క్రెడిట్ ఇచ్చేది, ఎనిమిది వారాలే. సెప్టెంబరులో మొదలై అక్టోబరు చివర అయిపోయింది. నువ్వు దాన్ని వదిలెయ్యలేదు మార్లిస్, పూర్తి చేశావు. ఆఖరి మంగళవారం బౌలింగ్ హాలు తలుపుకి కాగితం అంటించారు. నీ పేరు పక్కన ఎ. నా పేరు పక్కన ఏముందో నీకు తెలుసు. నీ ఇంటిపేరు నీమి అని నాకు తెలిసిందే ఆ కాగితం చూశాక.

ఆ ఎ ఎంత అన్యాయమో నేను ఇప్పటికీ చెప్పగలను. ప్రతిసారీ బంతి వదులుతూ గీత దాటి అడుగేసేదానివి. అయినా ఎ అంటే ఎ. ఒక క్రెడిట్.

ఆ కాలేజీకి వెళ్ళి, కొస్కెలా అని కాదు, నీమి అని అడుగు. ముందుగా మాత్రం వాళ్ళ క్రెడిట్ పెద్దదో చిన్నదో అడుగు. చిన్నదైనా మూడోవంతు కంటే పెద్దదే అవుతుందని కెప్టెన్ లెక్క వేసి చెప్పాడు.

ఊపిరి బిగబట్టి,
రూడీ

*

ఆగస్టు 8

ప్రియమైన రూడీ,

వచ్చింది. ముందు ఆ మాట రాస్తే తప్ప మిగతాది రాయలేను. డిగ్రీ వచ్చింది.

ఫోన్‌లో నువ్వు "వెళ్ళావా, వెళ్ళావా" అని అరుస్తుంటే లైను తెగిపోయింది, అందుకే మొదటినుంచీ చెబుతున్నాను. ఆ కాలేజీ ఆఫీసులో మిసెస్ ట్రెంబ్లే అని ఒక పెద్దావిడ ఉంది, అరవై తొమ్మిది నుంచీ అదే కుర్చీలో. కంప్యూటర్లో నా పేరు లేదంది. నీమి అన్నాను. అప్పుడూ లేదు. నా మొహం ఎలా ఉందో ఏమో, "ఆగమ్మా, కంప్యూటర్‌కి ముందు కూడా లోకం ఉండేది" అని కింద గదిలోకి వెళ్ళి, గోధుమ రంగు అట్ట ఉన్న రిజిస్టరు మోసుకొచ్చింది. వేలు పెట్టి చదివింది. నీమి, మార్లిస్. బౌలింగ్. ఒక క్రెడిట్. ఎ.

పెద్ద క్రెడిటా, చిన్నదా అని అడిగాను. "ఇక్కడ అన్నీ పెద్దవే" అంది. నేను అక్కడే బల్ల మీద తల పెట్టి ఏడ్చేశాను. ఆవిడ రుమాళ్ళ పెట్టె నా వైపు జరిపి, ముద్ర వేయడం మొదలుపెట్టింది.

యూనివర్సిటీ వాళ్ళు వారంలో తేల్చారు. నూట ఇరవైకి పైన మూడింట రెండు వంతులు మిగులు. గురువారం కాగితం డ్యూవల్ గారి బల్ల మీద పెట్టాను. సోమవారం చెబుదామని నాలుగు సోమవారాలు వాయిదా వేసినందుకు నాకు నేనే దండం పెట్టుకున్నాను. ఆయన జాబితా అంతా చదివి, బౌలింగ్ దగ్గర ఆగి, "మూడో తరగతిలో పనికొచ్చేది ఇదొక్కటే మార్లిస్" అన్నారు. తెరలు కట్టేశాను. ఎండ పడితే గదంతా పసుపు.

ఇప్పుడు నీ సంగతి.

మిసెస్ ట్రెంబ్లే ముద్ర వేస్తుంటే నేను ఆ రిజిస్టరు పేజీ చూస్తూ కూర్చున్నాను. నా పేరు పక్కన ఎ ఉంది కదా, నీ పేరు పక్కన ఉన్న ఎఫ్ కూడా ఒకసారి చూసి నవ్వుకుందామనుకున్నాను. పై నుంచి కిందికి చదివాను. కింద నుంచి పైకి చదివాను. పన్నెండు పేర్లు. కొస్కెలా లేదు.

"ఒక పేరు తప్పిపోయినట్టుందండీ" అన్నాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, పేజీ అంచున పెన్సిలుతో ఉన్న రాత చూపించింది. నేర్పే ఆయన రాసుకున్నాడు. 'ఒక కుర్రాడు ఎక్కువ వస్తున్నాడు. కాలేజీ వాడు కాదు. ఆట బూట్ల అద్దె తనే కట్టుకుంటున్నాడు. ఎవరికీ ఇబ్బంది లేదు. ఉండనిచ్చాను.'

రూడీ, నువ్వు ఆ కాలేజీలో చేరనే లేదు. ఇరవై నాలుగేళ్ళుగా ఫెయిలయ్యానని చెబుతున్నావు. మా నాన్నకి చెప్పావు, మన పెళ్ళిలో చెప్పావు, ఓడంతా చెప్పావు. ఆ శరదృతువులో ఖనిజం రేవులో మేస్త్రీ నీ మంగళవారాల కూలి కోశాడని మీ అమ్మ ఒకసారి అంటే, ఒంట్లో బాగాలేక అన్నావు. ఎనిమిది మంగళవారాలూ ఒంట్లో బాగాలేదా?

ఆ రోజుల గురించి తలుచుకున్నప్పుడల్లా నాకు మిగిలింది ఏమీ లేదనే అనుకునేదాన్ని. చదువు సగంలో పోయిందనే బాధ ఒక్కటే గుర్తుండేది. దాంతో పాటు నువ్వు కూడా అక్కడే దొరికావని మర్చిపోయాను. ఇంటికి వస్తూ దారిలో కారు ఆపి చాలాసేపు నవ్వాను, కొంచెం ఏడ్చాను.

ఆ హాలు ఇంకా ఉంది. మంగళవారాలు తెరిచే ఉంటుందట. జనవరిలో సరస్సు గడ్డకట్టి మీ ఓడ రేవులో ఆగగానే నన్ను అక్కడికి తీసుకెళ్ళు. నేను మళ్ళీ గీత దాటుతాను, నువ్వు చూడనట్టు ఊరుకో.

ఈసారి మాత్రం పేరు రాయించుకుని రా.

నీ టీచరమ్మ,
మార్లిస్ నీమి కొస్కెలా